చెంబులో చింతపిక్కలు

దాచేపల్లి,
సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లు,
12-2-1986

భ్రమరాంబ వదినకు,

రత్నం రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. సున్నపురాయి దుమ్ము కూడా బాగానే ఉంది, రోజుకు రెండుసార్లు తుడిచినా మా ఇంటిని వదిలి పోవడం లేదు. నరసరావుపేటలో నువ్వూ అన్నయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఏటి కొత్త చింతపండు బస్సులో పంపించాను. అందినట్టు రాయి.

అన్నయ్య అన్నేళ్ళుగా ప్లీడరుగారి దగ్గర గుమాస్తా చేస్తున్నాడు గనక ఒక సలహా కావాలి. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు.

మా మహిళా మండలి ఇక్కడ బాల్వాడీ నడుపుతుందని నీకు తెలుసు. క్వారీలో రాళ్ళు మోసే ఆడవాళ్ళు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దించి పనికి పోతారు. వాళ్ళను చూసుకునేది హలీమా. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోతే తల్లి జైనాబ్ బీతో కలిసి బాల్వాడీ వెనక గదిలో ఉంటోంది. ఉద్యోగమూ ఇల్లూ రెండూ ఆ నాలుగు గోడల్లోనే.

మొన్న సోమవారం మధ్యాహ్నం క్వారీ కూలి పోలయ్య కూతురికి జ్వరం ఎక్కువై ఫిట్సు వచ్చాయి. హలీమా ఆ పిల్లను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తి, పోతున్న సిమెంటు లారీని ఆపి, గురజాల ఆసుపత్రికి తీసుకుపోయింది. పిల్ల బతికింది. సంతోషించాల్సిన విషయమే. కానీ మా అధ్యక్షురాలు త్రిపురసుందరిగారికి, వర్క్స్ మేనేజరుగారి భార్య కదా, సంతోషించే ముందు విచారణ జరపడం అలవాటు. "మిగతా పిల్లల్ని గాలికొదిలేసి లారీలో ఊరేగిందండీ ఆవిడ" అన్నారు. హలీమాను తీసెయ్యాలా వద్దా తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశారు. ఆవిడ ఒకరు, ఫ్యాక్టరీ డిస్పెన్సరీ నర్సు మరియమ్మగారు ఒకరు, కార్యదర్శిని గనక నేనొకర్తిని.

మండలి నియమాలు రాసింది నేనే, నా దస్తూరీ బాగుంటుందని. నియమం ఇదీ: బాల్వాడీ ఆవిడ ఎవరికీ చెప్పకుండా పిల్లల్ని వదిలి వెళ్ళి ఉండాలి, వెళ్ళకుండా వేరే దారి కూడా ఉండి ఉండాలి. ఈ రెండూ రుజువైతేనే తీసెయ్యాలి. ఒక్కటే అయితే మందలించి ఊరుకోవాలి.

ఇక మా ఓటు పద్ధతి. మొదట్లో చేతులెత్తేవాళ్ళం. అధ్యక్షురాలి మాటకు ఎదురు చెయ్యెత్తిన ఆవిడ భర్తకు మరుసటి వారమే నైట్ షిఫ్టు పడేది. యాదృచ్ఛికమే అయి ఉంటుంది. అప్పటినుంచి ఒక్కొక్కరికి ఒక చింతపిక్క, ఒక గులకరాయి ఇస్తున్నాం. ఔననేవాళ్ళు పిక్కను, కాదనేవాళ్ళు రాయిని ఇత్తడి చెంబులో వేస్తారు. ప్రశ్న అడిగాక ఎవరూ నోరు మెదపకూడదు. ఒకరు ఇంకొకరిని బెదిరించకుండా. మండలి మొత్తం కూర్చున్నప్పుడు అది బాగా పనికొచ్చింది. ముగ్గురిలో అది ఏపాటి రహస్యమో నువ్వే ఊహించుకో.

నా సందేహం ఒకటే. చెంబు ముందు ఏ ప్రశ్న అడగాలి? "తీసెయ్యాలా" అని ఒక్కటే అడగాలా, నియమంలో ఉన్న రెండు సంగతులూ విడివిడిగా అడగాలా? కోర్టులో ఎలా చేస్తారో అన్నయ్యను అడిగి రాయి.

మీ రత్నం


నరసరావుపేట,
18-2-1986

చి.సౌ. రత్నానికి,

చింతపండు అందింది. అందులో పండు కూడా కొంత ఉంది. మిగతాదంతా పిక్కలే. బస్సు కండక్టరు దాన్ని దించుతూ "రాళ్ళు పంపించారా అమ్మా" అన్నాడు. మీ ఊళ్ళో చింతపిక్కలతో ఓట్లు వేస్తారని ఇప్పుడు తెలిసింది గనక క్షమించాను. మిగిలిన ఓట్లు నాకు పంపినట్టున్నావు.

నీ సందేహం చదివాను. నీలాంటిది ఇంకొకతె ఉండదే తల్లీ. కందిపప్పు డబ్బా మీద కందిపప్పు అని చీటీ అంటించేదానివి, ఒక మనిషి ఉద్యోగం పోయే వ్యవహారంలో ప్రశ్న ఏ వరసలో అడగాలి అని అడుగుతావు.

కోర్టులో ఏ దావా అయినా ముందు ఇష్యూలుగా విడగొడతారు. మీ అన్నయ్య నోట ఇన్నేళ్ళుగా విన్నదే చెబుతున్నాను. ఒకటో ఇష్యూ రుజువైందా, రెండో ఇష్యూ రుజువైందా, అని విడివిడిగా తేలుస్తారు. అవి తేలితే తీర్పు దానంతట అదే నడిచి వస్తుంది. "తీసెయ్యాలా" అని నేరుగా అడిగితే జాలి అడ్డొస్తుంది. పాపం, విధవరాలు, తల్లి ఉంది అంటారు. న్యాయానికి జాలితో ఏం పని? రెండు ప్రశ్నలూ అడుగు, పిక్కలు లెక్కపెట్టు, వచ్చిన జవాబు రాసుకో. నీ చేతికి మట్టి అంటదు.

అన్నట్టు ఆ బాల్వాడీ వెనక గదికి కొళాయి ఉందా, నీళ్ళు బయటినుంచి మోసుకోవాలా? ఊరికే అడుగుతున్నాను.

భ్రమరాంబ


దాచేపల్లి,
1-3-1986

వదినకు,

నీ సలహా అక్షరాలా పాటించాను. ఫలితం వింటే నువ్వే ఆశ్చర్యపోతావు. మేమైతే ఇంకా పోతూనే ఉన్నాం.

గురువారం మధ్యాహ్నం త్రిపురసుందరిగారి హాల్లో కూర్చున్నాం. ఆవిడ బిస్కట్లు పెట్టించారు. ఒకరి అన్నం తీసెయ్యడానికి కూర్చున్నప్పుడు బిస్కట్లు బాగా కరకరలాడతాయి.

మొదటి ప్రశ్న: హలీమా ఎవరికీ చెప్పకుండా పిల్లల్ని వదిలి వెళ్ళిందా? నేను రాయి వేశాను. ఆ రోజు మా వంటింటి కిటికీలోంచి చూశాను, రోడ్లు ఊడ్చే నాగులమ్మ బాల్వాడీ గుమ్మంలో పిల్లల మధ్య కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకుండా నాగులమ్మ చీపురు కింద పెట్టే మనిషి కాదు. చెంబు బోర్లించితే రెండు పిక్కలు, ఒక రాయి. రుజువైంది.

రెండో ప్రశ్న: వేరే దారి ఉందా? నేను పిక్క వేశాను. ఉన్న మాట ఉన్నట్టు చెప్పాలి కదా. ఆ మధ్యాహ్నం మేనేజరుగారి జీపు ఆయన ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడే ఉంది, నేను చూశాను. అడిగి ఉంటే లారీ కంటే ముందు చేరేది. మళ్ళీ రెండు పిక్కలు, ఒక రాయి. అదీ రుజువైంది.

"రెండూ తేలాయి గనక తీర్పు వచ్చేసినట్టే. రాయండి రత్నంగారూ" అన్నారు త్రిపురసుందరిగారు. రాశాను. ముగ్గురం సంతకాలు పెట్టాం. ఈ నెలాఖరుకు హలీమా గది ఖాళీ చెయ్యాలి.

ఇంటికొచ్చి బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంటే ఆ రాళ్ళు గుర్తొచ్చాయి. మొదటి ప్రశ్నకు రాయి నాది. రెండోసారి నేను పిక్క వేశాను, అయినా ఒక రాయి పడింది. అధ్యక్షురాలు రెండుసార్లూ పిక్కే వేసి ఉంటారు, అనుమానం లేదు. అంటే ఆ రెండో రాయి మరియమ్మగారిది. హలీమా ఎవరికీ చెప్పలేదని ఆవిడ నమ్మింది, కానీ వేరే దారి లేదని కూడా నమ్మింది. ఆవిడ లెక్కలో హలీమాను తియ్యకూడదు. నా లెక్కలోనూ తియ్యకూడదు. తియ్యాలన్నది ఒక్క త్రిపురసుందరిగారే.

వదినా, ముగ్గురిలో ఇద్దరం వద్దనుకున్నాం, ముగ్గురం కలిసి తీసేశాం. ఇంత చక్కగా పనిచేసే పద్ధతిని నేను ఇంతవరకు చూడలేదు.

హలీమాకు చెప్పడానికి నన్నే పంపారు, నా దస్తూరీ లాగే నా నోరు కూడా బాగుంటుందని కాబోలు. ఆ పిల్ల చాపలు ఉతికి ఎండేస్తోంది. విని, "మీరు కూడా అట్టనే అనుకున్నారా అక్కా?" అని అడిగింది. లేదంటే నా సంతకం ఉంది. ఔనంటే అబద్ధం. "నెలాఖరు దాకా ఉండొచ్చు" అన్నాను, ఏదో దానం చేస్తున్నట్టు. జైనాబ్ బీ గడపలో కూర్చుని, "మా పిల్ల ఏం తప్పు చేసిందో ఒక్కటి చెప్పమ్మా, దాన్నే తిట్టుకుంటా" అంది. ఒక్కటి చెప్పలేకపోయాను. మొదటిది తప్పు కాదు నా దృష్టిలో. రెండోది ఒక్కటే అయితే మందలింపు చాలు.

అన్నయ్యను ఇంకోసారి అడుగు. కోర్టులో ఇలాంటివి జరిగితే ఏం చేస్తారు?

రత్నం


నరసరావుపేట,
9-3-1986

రత్నానికి,

నీ ఉత్తరం చదివితే ఎవరో పోయినట్టుగా ఉంది. ఏం పోయింది? ఒక ఉద్యోగం పోయింది. ఈ దేశంలో రోజూ పోతున్నాయి. పద్ధతి ప్రకారం అడిగారు, పద్ధతి ప్రకారం జవాబు వచ్చింది. జవాబు నచ్చలేదని పద్ధతిని తిడితే, ఇక ప్రతి ఓడినవాడూ జడ్జిని మార్చమంటాడు.

హలీమా వయసులో ఉంది, ఒళ్ళు వంచే మనిషి, ఎక్కడైనా బతుకుతుంది. నువ్వు దాన్ని మనసులో పెట్టుకుని బి.పి. తెచ్చుకోకు. వెనక గదికి సున్నం వేయించి, తలుపుకు కొత్త గడియ పెట్టించి ఇస్తామంటున్నారు గదా. వచ్చేవాళ్ళయినా సుఖంగా ఉంటారు. పిల్లలకు ట్రైనింగయిన మనిషి వస్తే నీకూ నిశ్చింతే.

మీ అన్నయ్యకు ఈ మధ్య కోర్టు పని ఎక్కువగా ఉంది. తీరిక చూసి అడుగుతాను.

భ్రమరాంబ


దాచేపల్లి,
14-3-1986

శ్రీమతి భ్రమరాంబగారికి,

మీ ఉత్తరం అందింది. ఎంతో ఓదార్పుగా ఉంది.

సున్నం సంగతి, కొత్త గడియ సంగతి నేను మీకు రాయలేదు. నాకే తెలియదు. మీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివాను. మొదటి దాంట్లో కొళాయి ఉందా అన్నారు, రెండో దాంట్లో సున్నం దాకా వచ్చారు. మూడో దాంట్లో దేవుడి పటం ఏ గోడకు తగిలించాలో అడుగుతారేమోనని నేనే ముందు రాస్తున్నాను.

త్రిపురసుందరిగారిని అడిగాను. ఆవిడ నావంక వింతగా చూశారు. "అదేంటి రత్నంగారూ, మీ వదినగారు చెప్పలేదా? వాళ్ళ చెల్లెలి కూతురు ఇందుమతి అట. బాల్వాడీ ట్రైనింగయింది. మా అక్క వాళ్ళది మీ వదినగారి వీధే. జనవరిలోనే మాట్లాడుకున్నాం" అన్నారు. జనవరిలో పోలయ్య కూతురికి ఫిట్సు రాలేదు. జబ్బు రాకముందే మందు సిద్ధంగా పెట్టుకున్న మీ ముందుచూపుకు నమస్కారం.

ఇష్యూలుగా విడగొట్టమని చెప్పినవారు ఎవరు? మా అన్నయ్యా, మీరా? ఈ ఒక్క ప్రశ్నకు పిక్కో రాయో వెయ్యండి చాలు.

ఇక్కడి నీళ్ళ సంగతి అడిగారు. కొళాయి ఉంది. నీళ్ళు రావు.

ఇట్లు,
శేషారత్నం


నరసరావుపేట,
20-3-1986

రత్నానికి,

నువ్వు నన్ను "గారు" అన్నావు. నేను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు జడ గంటలు పెట్టుకుని తిరిగే పిల్లవి, అప్పుడు కూడా అనలేదు. సరే, పడతాను.

నేను అబద్ధం ఆడలేదు. మళ్ళీ చూసుకో, "మీ అన్నయ్య నోట విన్నది" అన్నాను. విన్నాను, ఇన్నేళ్ళుగా ఎన్నో విన్నాను. ఆయన్ని అడిగానని ఎక్కడా రాయలేదు. ఇన్నాళ్ళూ ప్లీడరు గుమాస్తాతో కాపురం చేస్తే ఈపాటి తెలివి వస్తుంది.

ఇందుమతి మా చెల్లెలి కూతురు. ట్రైనింగయి రెండేళ్ళు. తండ్రి మంచాన ఉన్నాడు. ఆ పిల్ల పొద్దున లేచి జడ వేసుకుని, పోస్టుమేన్ వెళ్ళిపోయేదాకా వాకిట్లో నిలబడి, తర్వాత ఏమీ ఎరగనట్టు లోపలికి వస్తుంది. నీకు హలీమా కనిపించినట్టు నాకు ఇది కనిపిస్తుంది. జనవరిలో అడిగితే త్రిపురసుందరిగారు "ఖాళీ వస్తే చూద్దాం" అన్నారు. ఖాళీ ఎలా వస్తుందో నేను అడగలేదు. అడక్కపోవడమే నా తప్పయితే అది రాసుకో.

నీ ఉత్తరాలన్నీ నిన్న మీ అన్నయ్య ముందు పెట్టాను. ఆయన అన్నం ముందు కూర్చుని అన్నీ చదివాడు, చారు చల్లారిపోయింది. "రత్నం ఫిబ్రవరిలో అడిగితే నాకు మార్చిలో చెబుతున్నావా?" అన్నాడు. తర్వాత చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నా చెల్లెలి కూతురికి ఇది పనికిరాదని తెలిసే రాస్తున్నాను.

"ఇష్యూలు విడగొట్టేది ఒక్క జడ్జి కూర్చున్నప్పుడు. అన్నిటికీ జవాబిచ్చేది ఒకటే తలకాయ. ముగ్గురు కూర్చున్నచోట మూడు తలకాయలు. ఒకావిడ సగం, ఇంకొకావిడ సగం తీసి కుట్టి నాలుగో మనిషిని తయారుచేశారు మీవాళ్ళు. హలీమాను తీసేసింది ఆ నాలుగో మనిషి. అట్టాంటి మనిషి ఆ గదిలో లేడు" అన్నాడు. "మరి పెద్ద కోర్టులో ముగ్గురు కూర్చుంటే ఏం చేస్తారండీ" అంటే, "ఒకరు రాసింది ఇంకొకరికి పంపుకుంటారు. ఎందుకు ఔనంటున్నావో, ఎందుకు కాదంటున్నావో చదువుకుంటారు. కారణం బాగుంటే మనసు మార్చుకుంటారు. చెంబులో పిక్క వేస్తే పిక్క ఏం చెబుతుంది?" అన్నాడు.

మరియమ్మగారితో నువ్వు ఒక్కసారైనా మాట్లాడావా? ముగ్గురూ నోరు మూసుకుని న్యాయం చేశారే, అందుకు మాత్రం నిన్ను మెచ్చుకోవాలి.

నెలాఖరు దగ్గరికి వస్తోంది.

భ్రమరాంబ


దాచేపల్లి,
29-3-1986

వదినకు,

"గారు" తీసేశాను. అన్నయ్య మాట కోసం తీశాను, నీ కోసం కాదు. కొంత నీ కోసం కూడా.

నిన్న మా కమిటీ మీటింగు, మళ్ళీ త్రిపురసుందరిగారి హాల్లోనే. పోయినసారి రాసిన తీర్మానం చదివి ఖాయం చెయ్యాలి. నేను చదివి, "ఖాయం చేసేముందు మూడో ప్రశ్న ఒకటుందండీ. హలీమాను తీసెయ్యాలా? పిక్కలు వేద్దాం" అన్నాను. త్రిపురసుందరిగారు నవ్వారు. రెండూ రుజువయ్యాక ఇక భయం ఏముంటుంది ఆవిడకు. వేశాం. ఒక పిక్క, రెండు రాళ్ళు.

"ఇదేం లెక్కండీ?" అన్నారు ఆవిడ. "ఎవరికీ చెప్పలేదని తేల్చారు. వేరే దారుందని తేల్చారు. ఇప్పుడు తియ్యొద్దంటారా? బజార్లో చెబితే నవ్వుతారు."

"నిజమేనండీ, మూడూ పొసగడం లేదు. ఒకటి కొట్టెయ్యాలి. ఏది కొట్టెయ్యాలో దానికీ వేద్దాం" అన్నాను. మొదటిది కొట్టెయ్యాలా అంటే ఒక పిక్క, నాది. రెండోది కొట్టెయ్యాలా అంటే ఒక పిక్క. మూడోది కొట్టెయ్యాలా అంటే ఒక పిక్క. మా కమిటీ ఇంత ఐకమత్యంగా ఎప్పుడూ లేదు. ఏ తప్పునూ వదులుకోవడానికి ఒప్పుకోవడం లేదు.

అప్పుడు నేను చెంబును పక్కకు జరిపి, "మొదటి ప్రశ్నకు రాయి వేసింది నేను" అన్నాను.

"మాట్లాడకూడదండీ, నియమం" అన్నారు త్రిపురసుందరిగారు.

"నియమం రాసింది నేనే. ప్రశ్న అడిగాక మాట్లాడకూడదు. ఇప్పుడు ప్రశ్న ఏమీ లేదు." మరియమ్మగారి వైపు తిరిగాను. "ఆ రోజు నాగులమ్మ బాల్వాడీ గుమ్మంలో ఉంది. మా కిటికీలోంచి చూశాను."

మరియమ్మగారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. "నాతో ఎవరూ అనలేదే. పిల్లలు ఒంటరిగా ఏడుస్తున్నారని అధ్యక్షురాలుగారు చెబితే పిక్క వేశాను."

"నాగులమ్మకు చెప్పడం చెప్పడమా?" అన్నారు అధ్యక్షురాలు. "చెప్పడమంటే బాధ్యత గల మనిషికి చెప్పాలి."

నాగులమ్మ ఆ ఇంటి వాకిలి కూడా ఊడుస్తుంది. అప్పుడు వరండాలోనే ఉంది. మరియమ్మగారే పిలిచారు. నాగులమ్మ చీపురు గుమ్మం పక్కన నిలబెట్టి, లోపలికి రాకుండా అక్కడినుంచే చెప్పింది.

"హలీమా కేకేసిందమ్మా. 'అత్తా, పిల్లలు నీ పానం, నేనొచ్చిందాకా కదలమాక' అంది. నేను కదల్లా. తల్లులొచ్చి ఎవురి పిల్లల్ని వాళ్ళు ఎత్తుకుపోయిందాకా ఆడనే కూసున్నా. ఒకడు నా చీపురు మొత్తం పీకేశాడు."

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు త్రిపురసుందరిగారు.

"నన్నెవురడిగారమ్మగోరూ? అయినా నాకు చెప్తే చెప్పినట్టు కాదంటిరి గదా ఇప్పుడే. వాకిట్లో ఇన్నా. మొన్న మీరు గుంటూరు బోతా ఇంటి తాళాలు నాకే ఇస్తిరి. అప్పుడు నేను చానా బాధ్యత గల మనిషినే."

నేను నా ముందున్న బిస్కట్ల ప్లేటు వంక చూశాను. ఇంకెక్కడా చూడలేకపోయాను.

"మొదటిదానికి నా పిక్క వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు మరియమ్మగారు. తర్వాత నన్ను అడిగారు. "మరి రెండోదానికి మీరు పిక్క ఎందుకు వేశారు రత్నంగారూ? వేరే దారి ఎక్కడుంది? డాక్టరుగారు సెలవులో ఉన్నారు. నేను క్వారీలో కాలు నలిగినతనికి కట్టు కడుతున్నాను, డిస్పెన్సరీకి తాళం. ఆ బిడ్డ లారీ ఎక్కకపోతే దక్కేది కాదు."

"జీపు ఉంది కదండీ. ఇదుగో ఈ వేపచెట్టు కిందే. నా కళ్ళతో చూశాను."

మరియమ్మగారు నవ్వలేదు గానీ నవ్వినంత పని అయింది. "జీపు ఉంది. అందులో బ్యాటరీ లేదు. ఆ పొద్దున మందుల పెట్టెలు తేవడానికి జీపు అడిగితే డ్రైవరు షబ్బీరు చెప్పాడు, బ్యాటరీ దాచేపల్లి షాపులో ఛార్జింగుకు పెట్టామని."

షబ్బీరు బయటే జీపు తుడుస్తున్నాడు. అతన్నీ గుమ్మం దాకా పిలిచారు. అతను త్రిపురసుందరిగారి వంక చూశాడు, నేల వంక చూశాడు, చివరికి మరియమ్మగారితో చెప్పాడు. "ఆదివారం సాయంత్రం కరెంటు పోయిందమ్మా. టీవీలో సినిమా సగంలో ఉంది. అమ్మగారు బ్యాటరీ ఊడదీసి టీవీకి పెట్టమన్నారు. సినిమా అయిపోయింది, బ్యాటరీ కూడా అయిపోయింది."

మరియమ్మగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

వదినా, అన్ని రోజులూ నేను కిటికీలోంచి చూసిన జీపును నమ్ముకుని పిక్క వేశాను. మరియమ్మగారు అధ్యక్షురాలు చెప్పిన ఏడుపును నమ్ముకుని వేశారు. నాకు తెలిసింది ఆవిడకు తెలియదు, ఆవిడకు తెలిసింది నాకు తెలియదు. పక్కపక్కనే కూర్చుని ఇద్దరం ఒకే చెంబులో వేశాం, చెంబు మాత్రం ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు.

"రెండోదానికి నా పిక్క నేనూ తీసుకుంటున్నాను" అన్నాను. మళ్ళీ లెక్కపెడితే మొదటి ప్రశ్నకు ఒక్క పిక్క, రెండోదానికి ఒక్క పిక్క, మూడోదానికి ఒక్క పిక్క. ఇప్పుడు ఏ వరసలో అడిగినా జవాబు ఒకటే. హలీమా ఉంటుంది. ఆ పిక్క ఎవరిదో నేను రాయలేదు, పద్ధతి ప్రకారం రహస్యం కదా.

త్రిపురసుందరిగారు మాత్రం "నేను మొదటినుంచీ పిల్లల క్షేమం గురించే అన్నాను" అని, సంతకం పెట్టి, బిస్కట్లు తీసుకోమన్నారు. మరియమ్మగారు రెండు తీసుకుని నాగులమ్మకు ఇచ్చారు.

సాయంత్రం నేనే వెళ్ళి చెప్పాను. గదిలో సామాను అప్పటికే మూటలు కట్టి ఉంది. హలీమా ఒక మూట విప్పి గిన్నె తీసి టీ పెట్టింది. జైనాబ్ బీ అడిగింది, "అయితే మా పిల్ల ఏ తప్పూ చెయ్యలేదా అమ్మా?" అని. ఈసారి చెప్పగలిగాను.

ఇందుమతికి ఏం చెబుతావో నాకు తెలియదు. ఆ పిల్ల తప్పు కూడా ఏమీ లేదు. అది రాయకుండా ఈ ఉత్తరం ముగించలేకపోయాను.

రత్నం


నరసరావుపేట,
5-4-1986

రత్నానికి,

ఇందుమతికి చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఇంకొకరిని వెళ్ళగొట్టి ఆ గదిలోకి పంపుతున్నావని నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అంది. ఈ ఇంట్లో ఇప్పుడు అందరికీ అదొక్కటే ప్రశ్న, నాకెందుకు చెప్పలేదు అని. మీ అన్నయ్య అడిగాడు, నువ్వు అడిగావు, ఇదీ అడిగింది. పాలవాడు ఒక్కడే మిగిలాడు.

ఈపూరులో బాల్వాడీ కొత్తగా తెరుస్తున్నారట. ఈసారి నిజంగానే ఖాళీ, ముందు ఎవరూ లేరు, నేను రెండుసార్లు వాకబు చేశాను. దరఖాస్తు పెట్టింది. కొళాయి సంగతి నేను అడగలేదు.

మీ అన్నయ్య నీ ఉత్తరం ప్లీడరుగారికి కూడా చదివి వినిపించాడు. జీపు బ్యాటరీ దగ్గర ప్లీడరుగారు చుట్ట ఆర్పేసి మరీ నవ్వారట. "హైకోర్టులో కూడా ఇంత త్వరగా మనసు మార్చుకోరు" అన్నారట. మీరు ముగ్గురూ అంత గొప్పవాళ్ళని నేను అనుకోవడం లేదు. హలీమా అదృష్టం బాగుంది, నాగులమ్మ వాకిట్లో ఉంది, అంతే.

చింతపండు అయిపోయింది. ఇంకోసారి పంపేటప్పుడు, పెద్దదాన్ని, పళ్ళు కదులుతున్నాయి, దయచేసి పిక్కలు తీసి పంపు.

భ్రమరాంబ


దాచేపల్లి,
12-4-1986

వదినకు,

చింతపండు పంపుతున్నాను. ఈసారి పిక్క ఒక్కటి కూడా లేదు. దొరికితే కండక్టరు ముందే నన్ను తిట్టు.

పిల్లలకు ఎప్పుడూ ఇంకో మనిషి తోడు ఉండాలని మండలిలో అనుకున్నాం. నాగులమ్మ మధ్యాహ్నాలు బాల్వాడీలో ఉంటోంది, చీపురు మాత్రం బయట పెట్టి వస్తోంది. జీపు బ్యాటరీ జీపులోనే ఉండాలని కూడా తీర్మానం చేశాం. చేతులెత్తే చేశాం, అందరూ చూస్తుండగా, ఎందుకో చెప్పి మరీ. త్రిపురసుందరిగారు కూడా ఎత్తారు. ఈ గురువారం నుంచి మా ఇంటాయనకు నైట్ షిఫ్టు పడింది. యాదృచ్ఛికమే అయి ఉంటుంది. పగలు ఆయన నిద్రపోతుంటే కుక్కరు విజిల్ రాకుండా వండడం నేర్చుకుంటున్నాను.

ఇందుమతికి ఈపూరులో వస్తే ముందు నాకు రాయి. హలీమా తన దగ్గరున్న పిల్లల పాటలన్నీ రాసి ఇస్తానంది.

తీసిన పిక్కలు ఏం చేశానని అడుగుతావు, నాకు తెలుసు. హలీమా అడిగి తీసుకుపోయింది. పోలయ్య కూతురు, ఇంకా ఇద్దరు ముగ్గురు, చాప మీద వాటిని వరసగా పెట్టి ఒకటీ రెండూ మూడూ అంటున్నారు. మూడు దాటితే మళ్ళీ ఒకటికొస్తున్నారు. ఆ పనికి చింతపిక్కలు చానా బాగున్నాయి వదినా.

రత్నం